మూరెడు నేల

కోతల తాత చెప్పిన ప్రకారం, ప్రాక్టీసు మైదానంలో ఒక ఏడాది గడ్డి ఎంత ఏపుగా పెరిగిందంటే, ఎవరో మరిచిపోయిన గొడుగొకటి అందులో పడి మూడు నెలలు కనపడలేదు. తీరా కోత వేసి చూస్తే పెద్ద గొడుగు పక్కన మూడు పిల్ల గొడుగులు మొలిచి ఉన్నాయి. వాటిలో ఒకటి ఇప్పటికీ తన ఇంట్లో ఉందనీ, కావాలంటే వచ్చి చూసుకోమనీ అనేవాడు. పనిగట్టుకుని వెళ్ళినవాళ్ళతో, ఇప్పుడే ఎవరో అడిగి పట్టుకెళ్ళారని చెప్పేవాడు.

గడ్డి కోస్తాడు కనక ఆ పేరొచ్చిందో, మాటలు కోస్తాడు కనక వచ్చిందో ఎవరూ విడదీసి చూడలేదు. రెండు పనుల్లోనూ ఆ అరవై ఆరేళ్ళ మనిషిది అందె వేసిన చెయ్యే.

ఆ ఉదయం మాత్రం తాత మాట్లాడకుండా గుంతలు పూడుస్తున్నాడు. పిడుగు హ్యామర్ విసురుతోంది మరి.

పిడుగంటే ఇరవై నాలుగేళ్ళ అమ్మాయి. పదమూడో ఏట ఈ మైదానంలో అడుగుపెట్టిన రోజున ఎవరో పెట్టిన పేరది. ఆమె విసిరే వస్తువు నాలుగు కిలోల ఇనప గుండు. దానికి గజం దాటిన తీగ, తీగ చివర పట్టుకోవడానికి పిడి. పేరుకి హ్యామరే గానీ దాంతో మేకు కొట్టినవాడు భూమ్మీద లేడు. మూడు వైపులా ఎత్తుగా వల కట్టిన గూట్లో, సిమెంటు చక్రం మధ్య నిలబడి, తల చుట్టూ రెండు సార్లు తిప్పి, మడమ మీద నాలుగు చుట్లు గిర్రున తిరిగి వదిలేస్తుంది. గుండు వెళ్ళి నేలలో దిగుతుంది. దిగిన ప్రతిసారీ గుంత. గుంత పడిన ప్రతిసారీ తాత.

ఆయన పూడ్చే పద్ధతి ఒకటుంది. ముందు అడుగున దోసెడు ఇసుక, నీళ్ళు నిలవకుండా. దాని మీద జల్లించిన మట్టి. ఆపైన వేర్లతో సహా కోసి తెచ్చిన గడ్డి పెచ్చు. చివరికి మడమతో మూడు తొక్కుళ్ళు. ఇన్నీ చెయ్యనిదే ఆయనకి అన్నం సయించదు. పదకొండేళ్ళ కిందట పూడ్చని గుంతలో పిడుగు చీలమండ మెలిక పడింది. అప్పట్నుంచీ తెరిచి ఉన్న గుంతని చూస్తే, పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోయినవాడిలా అయిపోతాడు.

అన్నిటికన్నా దొంగది మూతగుంత. నేల తడిగా, వేర్లు గట్టిగా ఉన్నచోట గుండు గడ్డిని చీల్చుకుని దిగి, మళ్ళీ ఎగిరి బయటపడితే, చీలిన గడ్డి రేకు కుండ మీద మూతలా వెనక్కి పడిపోతుంది. పైకి చూస్తే పచ్చగా, ఏమీ ఎరగనట్టు ఉంటుంది. దాన్ని బొటనవేలితో తడిమి పట్టడం తాత సొంత విద్య.

"తాతా, ఎంత?" వల గూట్లోంచి కేక వేసింది పిడుగు.

తాత గుంత దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని టేపు కొస అందుకున్నాడు. అవతల, చక్రం దగ్గర, కోచ్ టేపు చుట్ట పట్టుకుని వంగి ఉన్నాడు. మధ్యలో డెబ్బై మీటర్ల దూరం. తాత మోచెయ్యి గుంత అంచున ఆనించి, ముంజేతిని ముందుకి చాపి, పిడికిలి దగ్గర టేపు సున్నా పెట్టాడు. అంటే, గుండు పడిన చోటికి ఒక మూర అవతల, చక్రానికి ఇంకా దూరంగా.

"డెబ్బై పాయింట్ సున్నా రెండు!" కోచ్ టోపీ పైకి విసిరాడు. "డెబ్బై తల్లీ, డెబ్బై!"

పిడుగు ఎగరలేదు. సంచిలోంచి చిన్న పుస్తకం తీసి పెన్సిల్‌తో ఏదో రాసుకుని మూసేసింది. తాత హ్యామర్‌ని ఈడ్చుకుంటూ వచ్చాడు.

"గుండు పైకి పోయిందమ్మా, పోయిందీ... నేను ఇంటికెళ్ళి, కాళ్ళు కడుక్కుని, అన్నం తినొచ్చినా ఇంకా దిగుతూనే ఉంది."

"అన్నంలోకి ఏం చేసింది బామ్మ?"

"అదే గుర్తులేదు. హడావిడిలో తిన్నా."

పిడుగు నవ్వింది. మర్నాడు అర్హత పోటీ, ఆ పై రోజు ఫైనల్. ఈసారి ప్రపంచ పోటీలు ఈ ఊళ్ళోనే, పెద్ద స్టేడియంలో. గుండ్లు పడే మేర గడ్డి చూసే పనికి తాతని పిలిచారు.

"అక్కడ కూడా టేపు నువ్వే పట్టుకుంటావా తాతా?"

"టేపెక్కడిదమ్మా అక్కడ? నెత్తిన అద్దం పెట్టుకున్న మేకొకటి. గుంతలో గుచ్చితే మిషను కిరణం పంపి కొలుస్తుంది. మనిషి చెయ్యి పడదు."

"అయితే సరే," అంది పిడుగు. ఎందుకో మళ్ళీ నవ్వి, గ్లౌజు విప్పి ఆయన చేతిలో పెట్టింది. "బామ్మకియ్యి. అరచేతి కుట్టు వదులైంది."

ఆ మధ్యాహ్నం తాత భార్య కిటికీ పక్కన కూర్చుని, గ్లౌజుని మోకాళ్ళ మధ్య బిగించి కుడుతోంది. ముప్ఫై ఏళ్ళు సంచుల దుకాణంలో తోలు కుట్టిన చెయ్యి. ఆరెతో తోలుకి బెజ్జం పొడిచి, రెండు సూదులు రెండు వైపుల నుంచి ఎదురెదురుగా దూర్చి లాగుతోంది. తాత గుమ్మంలో కాళ్ళు చాపుకుని జల్లెడలో మట్టి జల్లిస్తున్నాడు. ఇంట్లో మట్టేమిటని అడిగే ఓపిక ఆవిడకి ఎప్పుడో పోయింది.

"ఏమే, ఇవాళ పిడుగు డెబ్బై దాటించింది."

"టేపు ఎవరు పట్టుకున్నారు?"

"నేనే."

"అయితే దాటలేదు."

తాత జల్లెడ ఆపాడు. ఆవిడ తల ఎత్తకుండానే దారం పళ్ళతో తెంపింది.

"ఈ కుట్టు నూలువాసి పక్కకి పోయిందనుకో, నాలుగో చుట్టులో పిల్ల చెయ్యి తెగుతుంది. నీ మూర కూడా అంతే. ఇన్నేళ్ళూ పాలు పోస్తున్నాననుకున్నావు. నీళ్ళు పోస్తున్నావయ్యా."

"ఆ మొహం చిన్నబోతే చూడలేనే."

"నువ్వు చూడలేక పెట్టిన మూర అది. పిల్ల కోసం కాదు." గ్లౌజు ఆయన ఒళ్ళోకి విసిరింది. "చావుకి ముందు ఒక్క నిజం చెప్పు. నేను విని పోతాను."

"చెప్తానే. పోయిన ఏడు మన మైదానంలో వానపామొకటి..."

ఆవిడ రెండు చెవులూ మూసుకుంది.

అర్హత పోటీలో పిడుగు గట్టెక్కింది, గోరంత తేడాతో. పన్నెండుమందిని తీసుకుంటే ఆమె పన్నెండోది. ఊరంతా మాత్రం, ముందు వరసలో కూర్చున్నా చివరి వరసలో కూర్చున్నా పంక్తిలో కూర్చున్నట్టేనని చెప్పుకుంది.

ఫైనల్ రోజు సాయంత్రం ఎండ ఏటవాలుగా పడుతోంది. స్టేడియం నిండిపోయి కందిరీగల తుట్టెలా ఉంది. తాత మెడలో పాస్, పక్కన ఇసుక బకెట్, మట్టి బకెట్. తోడుగా గడ్డి పెచ్చులూ, నేల గట్టిపరిచే దిమ్మిసా మోసే పనామె ఉంది. అందరూ ఆమెని వదిన అనే పిలుస్తారు, ఆమె మొగుడితో సహా.

మైదానం ఇన్‌చార్జి ఈలా, వాకీటాకీ ఊపుకుంటూ వచ్చాడు.

"తాతా, ఇది నీ ప్రాక్టీసు మైదానం కాదు. ఒక రౌండు మొత్తం అయ్యాకే పూడ్చాలి. మధ్యలో నీ కాలు లోపల పడిందా, ప్రపంచమంతా టీవీలో నీ కాలే చూస్తుంది."

"చూడ్డానికి బానే ఉంటుంది సారూ నా కాలు."

"పాస్ పీకేస్తా. ఇంకోటి, నీ పిల్ల వైపు చెయ్యి కూడా ఊపకు."

"నా పిల్లెవరు సారూ? నేనెవర్నీ ఎరగను," అన్నాడు తాత, కళ్ళు చక్రం మీదే పెట్టి.

పన్నెండుమందికీ తలా మూడు విసుర్లు. మూడయ్యాక మొదటి ఎనిమిదిమందికి మరో మూడు ఇస్తారు. మిగతా నలుగురూ బూట్లు విప్పుకుని ఇంటికి పోవడమే.

పిడుగు మొదటి విసురు వలకి తగిలింది. స్టేడియం మొత్తం 'అబ్బా' అంది. రెండోసారి ఆమె చక్రంలోకి రాగానే జనం చప్పట్లు మొదలెట్టారు, నెమ్మదిగా, రోకటి పోటుల్లా. ఒకటో చుట్టు, రెండో చుట్టు. చప్పట్లు తొందరపడ్డాయి. మూడు, నాలుగు. ఆమె వేసిన కేక గుండుకన్నా ముందు తాతని చేరింది. గుండు ఎండలో మెరిసి, ఎక్కడో మాయమై, ఆయనకి ఇరవై అడుగుల దూరంలో 'ధబ్'మంది. కాళ్ళ కింద నేల అదిరితే తాత గుండెలో కూడా ఓ గుంత పడినంత పనైంది.

బోర్డు మీద అరవై తొమ్మిది మీటర్ల నలభై రెండు సెంటీమీటర్లు. ఆరో స్థానం!

"చెయ్యి ఊపకు తాతా," అంది వదిన.

"ఊపలేదే."

"మరి ఆ బకెట్ ఎందుకు ఊగుతోంది?"

మూడో రౌండు వచ్చేసరికి ఆరు కాస్తా ఎనిమిదికి జారింది. పిడుగు మూడో విసురు అరవై ఎనిమిది దగ్గరే ఆగిపోయింది. ఇక ఆమె చేతిలో ఏమీ లేదు. బెంచీ మీద కూర్చుని, తువ్వాలు నోట్లో కుక్కుకుని, వెనకున్నవాళ్ళు విసురుతుంటే చూడటమే.

పదకొండో అమ్మాయి విసిరింది గానీ కాలు చక్రం దాటింది. ఎర్రజెండా లేచింది. చెల్లని విసురు కాబట్టి కొలత లేదు. గుంత మాత్రం పడింది, అరవై తొమ్మిది గీత దగ్గర, నోరు తెరుచుకుని.

ఇంతలో చుట్టూ ఉన్న ట్రాక్ మీద పరుగు పందెం మొదలవబోతోందని హ్యామర్ ఆపారు. తుపాకీ పేలేదాకా నిశ్శబ్దం. తాత గుంతనే చూస్తున్నాడు. అటు తిరిగాడు. మళ్ళీ చూశాడు.

"వద్దు తాతా," అంది వదిన.

"ఒక్క దోసెడే."

ఆమె చెయ్యి పట్టుకునేలోపే వెళ్ళిపోయాడు. దోసెడు ఇసుక వేశాడు. పైన మట్టి చల్లాడు. గడ్డి పెచ్చు కోసం చెయ్యి చాపేసరికి వాకీటాకీ గరగరమంది, ఈల మోగింది. దూరం నుంచి ఇన్‌చార్జి చేతులు రెండూ గాల్లో విసురుతున్నాడు. తాత పెచ్చు వెయ్యకుండానే, మడమ మోపకుండానే గీత బయటికి ఉరికాడు. వెనక గుంత మీద మట్టి, ఇప్పుడే గుండు పడి చెదిరినట్టు, గుల్లగా ఉండిపోయింది.

ఇక మిగిలింది ఒక్కతే. దేశం కాని దేశపు పిల్ల, జడకి నీలి రిబ్బన్. ఆమె తొమ్మిదో స్థానంలో ఉంది. పిడుగుని దాటాలంటే ఇంకో అర మీటరు కావాలి.

నీలి రిబ్బన్ చక్రంలోకి వచ్చి, కళ్ళు మూసుకుని, తెరిచింది. బొంగరంలా తిరిగింది. వదిలిన క్షణంలోనే తాతకి తెలిసిపోయింది. మంచి విసురు. గుండు ఎండకి అడ్డంపడి, తిన్నగా దిగింది. చీలిన గడ్డి పెదవిలా లేచింది. గుండు ఎగిరి బయటపడి పక్కకి దొర్లింది. గడ్డి రేకు మెల్లగా వెనక్కి వాలి, మూత పడింది.

మేకు పట్టుకుని పరిగెత్తే పని లెక్కల టీచరుది. బళ్ళో లెక్కలు చెబుతుంది, ఇక్కడ స్వచ్ఛందంగా వచ్చింది. ఎండ సూటిగా కళ్ళలో కొడుతుంటే అరచెయ్యి అడ్డం పెట్టుకుని వచ్చింది. పచ్చటి గడ్డి మధ్య గుల్లగా మట్టి కనిపించింది. మేకు దిగింది. మిషను కూసింది.

అరవై తొమ్మిది మీటర్ల పంతొమ్మిది. తొమ్మిదో స్థానం.

స్టేడియం పేలిపోయింది. "మన పిల్ల! మన పిల్ల!" ముందు వరసల్లో పరిచయం లేనివాళ్ళు కావలించుకున్నారు. కోచ్ కటకటాలెక్కి టోపీ విసిరేశాడు. పిడుగు తువ్వాలు నోట్లోంచి తీసి, మొహం దాచుకుని ఏడ్చింది.

నీలి రిబ్బన్ బోర్డుని చూసింది, మైదానాన్ని చూసింది, మళ్ళీ బోర్డుని చూసింది. వేలెత్తి గడ్డి వైపు ఏదో చూపించింది. ఆ భాష ఎవరికీ తెలియలేదు. కొలిచేశామన్నట్టు సైగ చేశారు. ఆమె వెళ్ళి బెంచీ చివర కూర్చుని బూట్ల ముడి విప్పడం మొదలెట్టింది.

ఈల మోగింది. "మూడు నిమిషాలు! అన్నీ పూడ్చెయ్యండి!"

తాత బకెట్లు ఎత్తుకుని లోపలికి నడిచాడు. కాళ్ళు వాటంతటవే అక్కడికే వెళ్ళాయి. బొటనవేలు ఆనించాడు. మూత మెత్తగా కిందికి దిగింది. టీచరు మేకు గుచ్చిన చోటు అక్కడికి ఇవతల, సరిగ్గా ఒక మూర.

పదకొండేళ్ళుగా ఆయన పిడుగుకి కలిపి ఇచ్చింది అంతే. ఇప్పుడు ఎవరూ కలపకుండానే ఇంకో పిల్లది పోయింది.

చెయ్యాల్సిందేముంది? తన పని తను చెయ్యడమే. దోసెడు ఇసుక, మట్టి, పెచ్చు, మూడు తొక్కుళ్ళు. నిజం నేల కిందికి పోతుంది. ఎవరూ తప్పుపట్టరు, పైగా పని శుభ్రంగా చేశాడంటారు. బోర్డు మీద ఎనిమిదో వరసలో పిడుగు పేరు వెలుగుతోంది. తాత ఇసుక దోసిట్లోకి తీసుకున్నాడు. మడమ ఎత్తాడు. మడమ దిగలేదు.

అవతల ఆ పిల్ల రెండో బూటు ముడి విప్పుతోంది.

"జరుగు తాతా," వదిన దిమ్మిస ఎత్తింది. "టైమైపోతోంది."

తాత ఇసుకంతా పక్కన కుమ్మరించి, ఖాళీ బకెట్‌ని మూతగుంత మీద బోర్లించి, దాని మీద కూర్చున్నాడు.

"ఇదేం చోద్యం!" అంది వదిన.

యాభై వేలమంది మధ్య, పచ్చటి మైదానంలో, బకెట్ మీద ఒక ముసలాయన. పెద్ద తెర మీద ఆయన బొమ్మ పడింది. జనం నవ్వారు. ఇన్‌చార్జి పరిగెత్తుకొచ్చాడు.

"లే తాతా! కళ్ళు తిరిగాయా?"

"కళ్ళు బానే ఉన్నాయి సారూ. పెద్ద జడ్జీగారిని పిలవండి. మేకు తప్పు గుంతలో పడింది."

"మొదలెట్టావా? ఇక్కడ కూడానా?"

"ఒట్టు సారూ. ఆ పిల్ల గుండు పడింది ఇక్కడ, నా కింద."

పెద్ద జడ్జి తెల్ల ప్యాంటు వేసుకుని, తెల్ల టోపీ పెట్టుకున్న సన్నటి ఆవిడ. గబగబా వచ్చి విషయం విని, ఇన్‌చార్జిని అడిగింది. "ఈయన మాట నమ్మొచ్చా?"

ఇన్‌చార్జి ఇరుకున పడ్డాడు. "పని బాగా చేస్తాడు మేడమ్. కానీ గడ్డిలో గొడుగు పడితే మూడు పిల్ల గొడుగులు మొలిచాయని చెప్పే మనిషి."

వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. జడ్జి తాతని చూసింది. "నిజమేనా?"

"గొడుగుల సంగతి వేరమ్మా," అన్నాడు తాత. చెవులు ఎర్రబడ్డాయి. "ఇది వేరు. టీచరమ్మగారు మేకు గుచ్చింది పాత గుంతలో. దాన్లో అడుగున ఇసుక ఉంటుంది. మేకు కొన చూడండి."

టీచరు మేకు ముందుకి పట్టుకుంది. తళతళలాడుతోంది. బళ్ళో నల్లబల్ల తుడిచినట్టు, ప్రతి విసురుకీ మేకు తుడవడం ఆవిడ అలవాటు.

"ఇసుక ఉందని నీకెలా తెలుసు?" అన్నాడు ఇన్‌చార్జి.

"నేనే పోశాను. రౌండు మధ్యలో. మీరు వద్దన్నా వెళ్ళాను. తప్పు నాది."

ఇన్‌చార్జి మొహం మాడిపోయింది. జడ్జి గడియారం చూసుకుంది. "మడమతో తొక్కినా గడ్డి కింద గుంత పడుతుంది. ఒక్కరి మాట మీద ఫలితం మార్చలేను. పైగా..."

"ఆయన చెప్పింది నిజం."

తెల్లగీత అవతల పిడుగు నిలబడి ఉంది. ఎడమ చేతికి గ్లౌజు అలాగే ఉంది. తెర మీద తాతని చూసి బెంచీ దిగి వచ్చేసింది. లోపలికి రానివ్వరని గీత దగ్గరే ఆగింది.

"నువ్వు చూశావా?" అంది జడ్జి.

"లేదు మేడమ్. కానీ ఆయన్ని పదకొండేళ్ళుగా చూస్తున్నాను. గొడుగుల గురించి, వానపాముల గురించి లక్ష చెబుతారు. నా విసురు విషయంలో మాత్రం ఎప్పుడూ ఒక మూర ఎక్కువే చెబుతారు. తక్కువ చెప్పడం ఇప్పటిదాకా చూడలేదు." ఆమె గ్లౌజు చేత్తో బోర్డు వైపు చూపించింది. "నాకు నష్టం వచ్చే మాట ఆయన నోట్లోంచి వచ్చిందంటే, అది నిజమే అయ్యుండాలి."

తాత బకెట్ మీద గిరుక్కున అటు తిరిగాడు. మూర సంగతి పిల్లకి తెలుసా?

పెద్ద జడ్జి తెల్ల ప్యాంటుతోనే మోకాళ్ళ మీద కూర్చుంది. మేకు గుచ్చిన గుంతలోకి రెండు వేళ్ళు పోనిచ్చింది. పైన మట్టి, కింద పొడి ఇసుక. తర్వాత తాతని లేవమంది. బకెట్ తీసి, గడ్డి రేకు పట్టుకుని ఎత్తింది. తలుపులా లేచింది. లోపల తెగిన వేర్లు తెల్లగా ఉన్నాయి. అడుగున, గరిటె బోర్లించి అచ్చు తీసినట్టు, నున్నటి గుండ్రటి గుర్తు.

"ఈ అచ్చు మడమతో పడదు," అంది. "మేకు తీసుకురండి."

మిషను కూసింది. అరవై తొమ్మిది మీటర్ల అరవై నాలుగు.

బోర్డు మీద పేర్లు కదిలాయి. ఎనిమిదిలో ఉన్నది తొమ్మిదికి దిగింది. స్టేడియం 'ఊఁ' అని మూలిగింది. పైవరసల్లోంచి ఈలలు వేశారు. ఒకడు, ముసలాడికి కళ్ళద్దాలు కొనిపెట్టండిరా అని అరిచాడు. ఇన్‌చార్జి చెయ్యి చాపితే, తాత తల వంచి పాస్ తీసి ఇచ్చేశాడు. బకెట్ కూడా ఇవ్వబోతే వదిన అందుకుంది.

"పో తాతా, ఇవాళ్టికి," అంది మెల్లగా. "మిగతావి నేను తొక్కుతాలే. మూడు సార్లే కదా?"

"మూడు," అన్నాడు తాత. "మడమతో."

నీలి రిబ్బన్‌కి ఎవరో బోర్డు చూపించారు. ఆమె ఒంటి బూటుతోనే లేచి నిలబడింది. పక్కనుంచి వెళ్తున్న పిడుగు ఆగి, వంగి, కిందున్న బూటు తీసి ఆమె చేతిలో పెట్టింది. మాటలేమీ లేవు, భాష కలవదు కదా. నీలి రిబ్బన్ మిగిలిన మూడూ విసిరింది. కథ కోసం ఆ పిల్లకి పతకం ఇప్పించాలని ఎవరికైనా చెయ్యి దురద పెడుతుంది గానీ, చివరికి ఆరో స్థానం. ఆరంటే ఆరే.

మర్నాడు తెల్లవారగానే తాత ప్రాక్టీసు మైదానంలో ఉన్నాడు. పూడ్చడానికి ఒక్క గుంత కూడా లేదు. జల్లించిన మట్టినే మళ్ళీ జల్లించాడు. పిల్ల రాదనుకున్నాడు. వస్తే ఏ మొహంతో చూడాలో తెలియదు. బయల్దేరేముందు భార్య మాత్రం, నీళ్ళ సీసా చేతికిస్తూ, "విన్నాను. ఇక నిశ్చింతగా పోతాను," అంది. "ఇప్పుడే కాదులే. నీకు వండేదెవరు?"

గేటు కిర్రుమంది. ముందు కోచ్, వెనక పిడుగు. ఆమె తాత వైపు చూడలేదు. గ్లౌజు తొడుక్కుని నేరుగా చక్రంలోకి వెళ్ళింది. రాత్రంతా ఎవరి మీద దాచుకున్న కోపమో, తల చుట్టూ రెండు తిప్పులు, నాలుగు చుట్లు, ఒక్క కేక.

గుండు వచ్చి పడింది. తాత ఇసుక బకెట్ పట్టుకుని పరిగెత్తాడు. లోతుగా, తేటగా, నిండుగా పడిన గుంత. మోకాళ్ళ మీద కూర్చుని టేపు కొస అందుకున్నాడు. అలవాటు చొప్పున మోచెయ్యి ఆనించబోయి ఆగాడు. సున్నాని గుంత అంచునే, చక్రం వైపున, బొటనవేలితో అదిమి పట్టాడు.

"డెబ్బై పాయింట్ పదకొండు," అన్నాడు కోచ్. ఈసారి టోపీ విసరలేదు. నిన్నటి నుంచీ ఆయనకి కూడా లెక్క తెలిసింది.

పిడుగు పుస్తకం తీసి రాసుకుంది. తాత అక్కణ్ణుంచే అరిచాడు.

"ఎంత రాశావమ్మా?"

"అరవై తొమ్మిది అరవై ఆరు!"

"అదేం లెక్క?"

"నీ మూర తీసేశా తాతా! ఎప్పుడూ తీసేసే రాసుకుంటా!"

పదకొండేళ్ళ పుస్తకాలన్నీ తాత కళ్ళ ముందు గిర్రున తిరిగాయి. ఎగరని పిల్ల ఎందుకు ఎగరలేదో ఇప్పుడు తెలిసింది.

"తియ్యకు! ఇవాళ తియ్యకు! ఇవాళ సరిగ్గా పట్టాను!"

"అలాగేలే తాతా!"

"ఒట్టమ్మా! గొడుగు మీద ఒట్టు!"

కోచ్ పగలబడి నవ్వాడు, పిడుగూ నవ్వింది. తాత మాత్రం బొటనవేలు కదపలేదు. కదిపితే నమ్మరు. పట్టుకునే ఉంటే వచ్చి చూస్తారు. చీమొకటి చేతి మీదుగా నడిచిపోయింది. మోకాళ్ళు నొప్పెట్టాయి. అలాగే కూర్చున్నాడు.

పిడుగు నవ్వు ఆగిపోయింది. చక్రం దాటి నడవడం మొదలెట్టింది. సగం దూరంలో నడక పరుగైంది. వచ్చి, వంగి, ఆయన బొటనవేలు చూసింది. దాని కింద సున్నా చూసింది. సున్నా పక్కన గుంత అంచు చూసింది. మధ్యలో వెంట్రుకంత చోటు కూడా లేదు.

"డెబ్బై," అంది, గాలి పీల్చుకోకుండా. "నిజంగా డెబ్బై."

"పదకొండు మరిచిపోకు."

ఆమె అప్పుడు ఎగిరింది. అరుస్తూ, గ్లౌజు ఆకాశంలోకి విసిరి, కిందపడ్డ గ్లౌజు మీదుగా గెంతి, తాతని బకెట్‌తో సహా ఎత్తి గిరగిరా తిప్పింది. నాలుగో చుట్టు దగ్గర కోచ్, "వదిలెయ్యకే తల్లీ, ముసలాయన ఎక్కడ పడతాడో!" అని కేకపెట్టాడు.

దించాక తాత ఊపిరి కూడదీసుకుని, ఇసుక దోసిట్లోకి తీసుకున్నాడు. పిడుగు ఆయన మణికట్టు పట్టుకుంది.

"ఇది పూడ్చకు తాతా."

తాత ఇసుకని మళ్ళీ బకెట్‌లో పోశాడు.

ఆ గుంత ఇప్పటికీ అలాగే ఉంది, చుట్టూ నాలుగు మేకులు పాతి, తాడు కట్టి. ఎవరొచ్చి అడిగినా, ఎప్పుడు అడిగినా, దూరం డెబ్బై మీటర్ల పదకొండనే చెబుతాడు కోతల తాత. ఒక్క అంగుళం కలపడు. లోతు సంగతి అడిగితే మాత్రం, మొదటి వారం మోకాటి దాకా అన్నాడు, రెండో వారం నడుం దాకా. పోయిన వారం అందులో ఎవరిదో గొడుగు పడిందట. ఇంకా దిగుతూనే ఉందట.